మొదటి బెల్‌బాటం

కళ్యాణదుర్గంలో శెనక్కాయల వ్యాపారం చేసే అతావుల్లా, లాభం ఎంతో తేలకుండా ఇంట్లోంచి కాలు బయట పెట్టే మనిషి కాదు. అలాంటివాడు ఆ శనివారం పొద్దున్నే బీరువా అడుగు నుంచి తన పదో తరగతి నాటి బెల్‌బాటం తీసి మంచం మీద పరిచాడు. తొమ్మిది గంటల బస్సుకు కంబదూరు వెళ్లాలి. అక్కడి హైస్కూల్లో డెబ్బై తొమ్మిది బ్యాచ్ వాళ్లంతా కలుస్తున్నారు. కలవడం ఒక సాకు. అసలు సంగతి, ఆ ఊళ్లో మొదట బెల్‌బాటం తొడిగింది ఎవరన్న తగువు. తానేనని అతావుల్లా. కాదు, తానని మడకశిరలో బట్టల షాపు పెట్టుకున్న తిప్పేష్. పది నెలలుగా వాట్సాప్ గ్రూపులో ఇద్దరూ ఒకరి వంశాన్ని ఒకరు తవ్వుకుంటున్నారు. తీర్పు చెప్పడానికి, అప్పట్లో అందరికీ బట్టలు కుట్టిన జమాల్ సాబ్‌ను పిలిచారు.

ప్యాంటు తొడల దాకా బాగానే ఎక్కింది. ఆ పైన కదలనంది.

"అది ఇరవై ఎనిమిది నడుం. నీది నలభై. ఏం మనిషివప్పా నువ్వు?" అంది భార్య మాబీ.

"వెనక కుట్టిప్పి ఏదో ఒక అతుకు ఎయ్యి. సాక్ష్యం నా ఒంటి మీద ఉండాల. చేతిలో పట్టుకోని పోతే ఏం విలువ?"

ఆ పొట్టను ఆపగల గట్టి గుడ్డ ఇంట్లో గోనెసంచి ఒక్కటే ఉంది. మాబీ దాన్నే జానెడు కత్తిరించి అతుకు వేసింది. ముందు బొత్తాం కలవకపోతే తాడు బిగించింది. "చొక్కా బయటికి ఇడిస్తే ఏమీ కనపడదు" అని మరీ మరీ చెప్పింది. కానీ టక్కు చేయని బెల్‌బాటం బెల్‌బాటమే కాదని అతావుల్లా నమ్మకం. వీధి మలుపు తిరగగానే చొక్కా లోపలికి దోపేశాడు.

అంచులు అరగకుండా ఆ రోజుల్లో ప్యాంటు అడుగున ఇత్తడి జిప్పు కుట్టించేవాళ్లు. కంబదూరు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా బస్సు ఆగితే, కాళ్లు బిగుసుకుపోయాయని అతావుల్లా కిందికి దిగబోయాడు. ఆ జిప్పు మెట్టు రేకుకు పట్టుకుంది. కుడికాలు ప్యాంటు మోకాలి దాకా పరపరా చినిగింది. అతను దాన్ని విడిపించుకుని తలెత్తేసరికి బస్సు వెళ్లిపోయింది.

పక్కనే ఎండిన శెనక్కాయ చేలో ఢిల్లీ నుంచి వచ్చిన కరువు బృందం నిలబడి ఉంది. చినిగిన కాలు, గోనె అతుకు, నడుముకు తాడు. బృందంలోని పెద్దసారు కళ్లు మెరిశాయి. వెంట ఉన్న తహసీల్దారు పద్మజ దగ్గరికి వచ్చింది.

"ఈ ప్యాంటు ఎప్పటిది పెద్దాయనా?"

"నలభై ఆరేండ్లయింది మేడం" అన్నాడు అతావుల్లా, గర్వంగా.

"మళ్లీ ఇంకోటి కొనలేదా?"

"ఇట్లాంటిది నాకు మళ్లీ యాడ దొరుకుతాది మేడం?"

"మరి ఈ గోనెగుడ్డ?"

"ఏం చేసేది? అంతా ఈ పొట్ట కోసమే!"

పద్మజ పెద్దసారు వైపు తిరిగింది. ఆమె ఇంగ్లీషులో చెప్తుంటే పెద్దసారు రాసుకున్నాడు. ఫొటోగ్రాఫర్ అతన్ని గట్టు మీద కూర్చోమన్నాడు. కూర్చుంటే మిగిలిన కుట్లు తెగుతాయని అతావుల్లా నిలబడే ఉన్నాడు. అది కూడా ఆత్మగౌరవం కింద రాసుకున్నారు.

తనను కరువు రైతు అనుకుంటున్నారని అతావుల్లాకు అర్థం కాకపోలేదు. కానీ ఎండ మండుతోంది. తర్వాతి బస్సు గంటకు గానీ రాదు. బృందం కార్లు కంబదూరు వైపే పోతున్నాయి, వాటిలో ఏసీ కూడా ఉంది. నిజం చెబితే రెండు కిలోమీటర్ల నడక. ఎక్కడికెళ్లాలని పద్మజ అడిగితే, హైస్కూలుకని చెప్పి అతావుల్లా కారెక్కాడు.

మూడు కార్లు హైస్కూలు ఆవరణలోకి వచ్చేసరికి పాత విద్యార్థులు నోళ్లు తెరిచారు. అతావుల్లా గొప్పగా దిగేలోపే పద్మజ మైకు అందుకుంది. "ఈ పెద్దాయన నలభై ఆరేళ్లుగా ఒకే ప్యాంటుతో బతుకుతున్నారు. కారణం ఆకలి!"

ఒకప్పటి క్లాసు లీడరు గంగక్క కన్నీళ్లు తుడుచుకుని, జమాల్ సాబ్‌కు సన్మానం చేయడానికి తెచ్చిన కొత్త పంచె అతావుల్లా భుజాన వేసింది. తిప్పేష్ ఇంతకంటే మంచి అదను రాదనుకున్నాడు.

"ఏమప్పా అతావుల్లా, ప్యాంటుకు కూడా గతి లేకపోతే నాకొక మాట చెప్పకూడదా? ఇట్లాంటోడు ఊర్లో మొదట ఫ్యాషన్ చేసినాడంట! నమ్ముదామా?"

అందరూ నవ్వారు. పది నెలల వాదన చేజారిపోతోంది. అతావుల్లాకు ఒళ్లు మండింది.

"కరువూ లేదు, కాకరకాయా లేదు! ఇది బెల్‌బాటం! మొదటి బెల్‌బాటం! జమాల్ సాబ్, నువ్వే చూసి చెప్పు!"

ఎనభై ఏళ్ల జమాల్ సాబ్ వంగి కుట్టు తడిమాడు. "నా చెయ్యే. ఈ ఊర్లో నేను కుట్టిన మొదటి బెల్‌బాటం ఇదే."

తిప్పేష్ కుర్చీలో కూలబడ్డాడు. అతావుల్లా చెయ్యి పైకెత్తాడు. జమాల్ సాబ్ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"కానీ నాయనా, నన్ను మాఫ్ చెయ్యల్ల. ఆ పొద్దు గుడ్డ తలకిందులు చేసి కత్తిరించినా. తొడల కొలత అడుగుకు పోయింది, అడుగు కొలత తొడలకొచ్చింది. గుడ్డకు దుడ్లు కట్టమంటాడు మీ నాయన అని భయమేసింది. బొంబాయి ఫ్యాషన్ అని చెప్పి తొడిగించినా. నువ్వు నమ్మినావు."

నవ్వి నవ్వి తిప్పేష్‌కు దగ్గు వచ్చింది.

"నవ్వొద్దు తిప్పేషా. వారం దినాలకు నువ్వొచ్చి, వానికి కుట్టినట్లే నాకూ కుట్టమంటివి. మీ క్లాసులో మగపిల్లోళ్లంతా వస్తిరి. వానితో కలిపి ముప్పై ఎనిమిది మందికి తప్పుగానే కుట్టినా. అడిగినోళ్లకు అడిగినట్లు కుట్టకపోతే బేరం పోతాది కదప్పా!"

ముప్పై ఏడు నవ్వులు ఒక్కసారే ఆగిపోయాయి. పద్మజ సంగతి ఇంగ్లీషులో చెప్పగానే పెద్దసారు తన నోట్‌బుక్ వైపు చూసుకుని, రాసింది కొట్టెయ్యబోయి, మానేసి, కార్లు తియ్యమన్నాడు.

సాయంత్రం గ్రూపులో తిప్పేష్ రాశాడు: "మొదటి బెల్‌బాటం ముమ్మాటికీ అతావుల్లాదే. నేను ఎప్పుడూ మామూలు ప్యాంట్లే తొడిగినా." దాని కింద ముప్పై ఆరు మంది తామూ అంతేనని రాశారు. ఆ లెక్కన కంబదూరు హైస్కూలు డెబ్బై తొమ్మిది బ్యాచ్‌లో బెల్‌బాటం తొడిగినవాడు ఒకే ఒక్కడుగా తేలాడు.