బబ్లూ మూతి ఎరుపు

ఆదివారం పొద్దున కామరాజు పెట్టుకున్న పని ఒక్కటే, కుక్కకు స్నానం చేయించడం. హాస్టల్ నుంచి మధ్యాహ్నానికి కూతురు శ్రావ్య వస్తోంది. "నాన్నా, బబ్లూకి ఏమైనా అయితే నేను బతకను" అని చెప్పి మరీ కుక్కను అప్పజెప్పి వెళ్ళింది. కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుకు అదేమంత పనని ఆయన ధీమా. భార్య వీరలక్ష్మి పాల ప్యాకెట్‌కు వెళ్ళింది.

సబ్బుతో వంటింట్లోకి వచ్చిన కామరాజు కొయ్యబారిపోయాడు. బబ్లూ మూతి నిండా ఎరుపు. నేల మీద ఎర్రటి చుక్కలు. పక్కనే చింపిన ఎలుకల మందు ప్యాకెట్! నిన్న గట్టు కింద తానే పెట్టిన ఎర్ర బిళ్ళల్లో ఒక్కటీ లేదు. పిల్లకు ఏం మొహం చూపించాలి?

ప్రమాదం కనిపిస్తే ముందు ఈల, తర్వాతే మాట. ఫ్యాక్టరీలో ఆయన నేర్పే మొదటి పాఠం అదే. ఎవరైనా బండి తెస్తారని మేకుకు వేలాడుతున్న ఈల తీసి గుక్కతిప్పుకోకుండా ఊదాడు. పోతిరెడ్డిపల్లిలోని ఆ వీధిలో సగం మంది ఆయన ఫ్యాక్టరీవాళ్ళే. ఈల వింటే వాళ్ళు కారణం అడగరు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ముక్కుకు తడిగుడ్డ అడ్డం పెట్టుకుని పరుగు తీస్తారు. అదీ ఆయన నేర్పిందే. చూస్తుండగానే బండ్లతో సహా వీధి ఖాళీ అయింది.

మిగిలింది ఇంటి ఓనరు సత్తయ్య. ముక్కుకు తడి తువాలు చుట్టుకుని మేడ దిగాడు. "ఏంది సారూ, ఏ గ్యాసు లీకైంది? ఎటు దిక్కు ఉరకాలె?"

"గ్యాసు కాదండీ బాబూ! కుక్క ఎలుకల మందు తినేసింది!"

"అయ్యో! జెర ఆగు, పశువుల డాక్టరుకు ఫోన్ కొడ్త."

ఈలోగా కామరాజు గ్లాసెడు ఉప్పునీళ్ళు కలిపేశాడు. సత్తయ్య ఆ సంగతి చెప్పగానే ఫోన్లో డాక్టరు కేకపెట్టాడు. "ఉప్పునీళ్ళు గిట్ల పొయ్యకుండ్రి! కక్కియ్యాలని సూడకుండ్రి! ప్యాకెట్ పట్టుకొని కుక్కను జల్దీ తీస్కరాండ్రి!"

ఎంత ఘోరం తప్పిందో తలుచుకోగానే కామరాజుకు నీళ్ళు కావాలనిపించింది. అవి ఉప్పునీళ్ళన్న సంగతి మరిచి, చేతిలో ఉన్న గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. మరుక్షణం బయటికి పరిగెత్తి గేటు పట్టుకుని భళ్ళున కక్కాడు.

పారిపోయినవాళ్ళలో ఎవరో పిలిచిన అంబులెన్సు సరిగ్గా అప్పుడే వచ్చింది.

"నన్ను కాదు, కుక్కని! కుక్కని ఎక్కించండి!"

"మనిషి సోయిల లేడు, ఏందేందో అంటుండు. ఎత్తుండ్రి, ఎత్తుండ్రి!" అన్నారు అంబులెన్సువాళ్ళు.

అంబులెన్సు తలుపు పడుతుండగా వీరలక్ష్మి తడి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "బబ్లూ తిరుగుతాడని ఆ బిళ్ళలు రాత్రే తీసి అటక మీద దాచేశానండీ! వట్టి ప్యాకెట్టే పారేయడం మరిచిపోయా. వాడు తిన్నది నేను తురిమిపెట్టుకున్న బీట్‌రూట్!"

ఎందుకైనా మంచిదని సత్తయ్య కుక్కను డాక్టరుకు చూపించి తెచ్చాడు. దానికేమీ కాలేదు. శ్రావ్య బస్సు దిగి తిన్నగా ఆసుపత్రికి వచ్చి, సెలైన్ ఎక్కుతున్న తండ్రిని చూసి ఏడ్చేసింది. "అమ్మా, ఇంతకీ వీళ్ళిద్దర్లో ఎవర్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళాలే?"

వీరలక్ష్మి ఆ ఈల తీసి బబ్లూ మెడలో కట్టింది. బబ్లూ ఇంతవరకూ దాన్ని అనవసరంగా ఒక్కసారి కూడా ఊదలేదు.