వీరరాఘవ శుభ్రం చేసిన నలుగు పాట

మనుషులు పాడడం ఇక మానేయాలి, అయ్యలారా! సౌండ్ సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంటే గొంతు అరగదీసుకోవడం ఎందుకు? రాజపాళయంలో నూలు మిల్లు సూపర్‌వైజర్ వీరరాఘవ ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టినాడు.

కూతురు జయప్రియ పెళ్ళి వచ్చింది. నలుగు పెట్టేటప్పుడు పాడాల్సింది అతని తల్లి మంగళం. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు, దగ్గు, పైగా పాట మధ్యలో ఆగి ఎవరినో పలకరించే అలవాటు! అంతమంది ముందు పరువేం కావాలి?

"అమ్మా, ఇంట్లోనే పాడు. రికార్డు చేసి మండపంలో పెడతాం."

"నేనే వచ్చి పాడతాను కదరా," అనింది మంగళం. వినే తీరిక ఎవరికుంది?

ఆహా, ఆ సాఫ్ట్‌వేర్ మహిమ! ఒక నొక్కు, ఫ్యాను మోత మాయం. ఇంకో నొక్కు, దగ్గు మాయం. గ్రైండరు, వీధి కుక్క, పాలాయన బెల్లు, అన్నీ పోయినాయి. పాట స్క్రీను మీద నీలం గీతలుగా కనిపిస్తుంటే చెవులతో పనేముంది? వీరరాఘవ వినలేదు, చూసినాడు. వరస వరసకీ మధ్య చదునుగా ఖాళీ! ఛీ, ఏం సోమరి పాట అనుకొని, ఖాళీలన్నిటినీ తీసేసే బటన్ నొక్కినాడు. పదకొండు నిమిషాల పాట నాలుగు నిమిషాలకు దిగింది.

ఆ ఖాళీలేమిటంటారా? పిల్ల వైపువాళ్ళు ఒక వరస పాడి మాప్పిళ్ళ, అదే పెళ్ళికొడుకు, వైపువాళ్ళను వెక్కిరిస్తారు. ఆగుతారు. వాళ్ళు బదులు పాడి వీళ్ళను వెక్కిరిస్తారు. వేడుకంతా అందులోనే ఉంది.

మండపంలో స్పీకరు మొదలుపెట్టింది. మాప్పిళ్ళ మీసాన్ని, వాళ్ళ మేనత్త నడకను, వాళ్ళ ఊరు సత్రపట్టి నుంచి వచ్చిన సారె పళ్ళేలను గుక్క తిప్పుకోకుండా ఏకేసింది! ఆ మేనత్త పంకజం బదులు పాడదామని నాలుగుసార్లు నోరు తెరిచి నాలుగుసార్లూ మూసుకొనింది. ఐదోసారి చాప మీద నుంచి లేచి వియ్యంకుడు వీరరాఘవ వైపు తిరిగింది.

"ఏం సంబంధీ, పిలిపించి తిట్టిస్తున్నారా? మాకు నోరు లేదా? లేవండమ్మా, పోదాం!"

జయప్రియ కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. వీరరాఘవ కంగారులో ఏదో నొక్కినాడు. తిట్లు మళ్ళీ మొదటి నుంచి!

మంగళం వచ్చి వైరు పీకేసింది. ఒక వరస పాడింది, దగ్గింది, ఆగి పంకజం వైపు చూసింది. పంకజం ఊరుకుంటుందా? తల్లిని డబ్బాలో పెట్టి తెచ్చిన కొడుకును నిలబడే పాటలో ఏకిపారేసింది. అందరికంటే గట్టిగా మంగళమే నవ్వింది. సత్రపట్టివాళ్ళు మళ్ళీ చాపల మీద కూర్చొన్నారు.

అయినా సాఫ్ట్‌వేర్‌ను ఏమీ అనకండి. ఎదుటి మనిషి బదులు వినే ఓపిక లేని మనలాంటివాళ్ళకు అంతకంటే మేలు చేసేదేముంది?

మరునాడు వీరరాఘవ మళ్ళీ మైకు తెచ్చినాడు. "అమ్మా, ఈసారి ఏదీ కత్తిరించను. పాడు."

మంగళం ఒక వరస పాడి ఆగింది. "ఊఁ, ఇప్పుడు బదులు నువ్వు పాడరా."

వీరరాఘవ నోరు తెరిచినాడు. బదులు వరస ఎన్నడైనా చెవిన పెడితే కదా వచ్చేది! రికార్డింగ్ నడుస్తూనే ఉంది.