వెంట్రుకంత కాలువకు మంచినీళ్లు

నీళ్లు మంచివో కావో ఇకమీదట తాగేవాళ్లు కాదు, వెలుగే తేలుస్తుందని భేస్తాన్‌లోని జలప్రకాశ పరీక్షా కేంద్రం ప్రకటించింది. నాలుక అనే పాత పరికరం ఆనాటి నుంచి రద్దయింది. (ముక్కు విషయం పరిశీలనలో ఉంది.)

కొత్త పరికరంలో అగ్గిపెట్టెంత గాజు బిళ్ల, దాని లోపల వెంట్రుకంత కాలువ. అందులో నీటిచుక్క పారుతుంటే ఒక పక్క నుంచి వెలుగు వేస్తారు. నీళ్లలో ఏ రసాయనం, ఏ క్రిమి ఉన్నా అవతలికి చేరే వెలుగు మారిపోతుంది. నీళ్లు చెడ్డవని తేలితే ఆ గల్లీకి మంచినీళ్ల ట్యాంకర్ వస్తుంది. తేలకపోతే రాదు.

కొమురవ్వకు ట్యాంకర్ కావాలి. పక్కనున్న డైయింగ్ మిల్లు ఏ రంగు చీరలు అద్దితే వాళ్ల కుళాయిలో ఆ రంగు నీళ్లొస్తాయి. అవి తాగి మనుమరాలికి విరేచనాలు పట్టుకున్నాయి. పిల్ల కళ్లు లోపలికి పోయేసరికి ముసలిదాని ప్రాణం విలవిల్లాడిపోయింది. సీసాడు గులాబీరంగు నీళ్లు పట్టుకొని కేంద్రానికి పరుగెత్తింది.

మిషన్ దగ్గర కూర్చునే సంగీత కూడా వలసొచ్చిన తెలుగువాళ్లుండే ఆ గల్లీ పిల్లే. సీసా చూడగానే లేచి నిలబడింది.

"అవ్వా, గివి పోస్తే కాలువ జామ్ అయితది. వడపోసి తే. సాబ్ పెట్టిన రూల్."

కొమురవ్వ కొంగు మడతపెట్టి వడపోసి తెచ్చింది.

"ఇంకా రంగున్నది గద అవ్వా! రంగుంటే లైట్ పరేషాన్ అయితదంట. రంగు లేని నీళ్లే పోయాలె."

"మురికి దీసి, రంగు దీసి తెస్తే ఇగ నీ మిషన్ ఏం జూస్తదే, నా మొఖమా?"

"సాఫ్‌గున్నయని జూస్తది," అంది సంగీత. (పరీక్షకు అర్హత పొందిన నీళ్లన్నీ శుభ్రమైనవేనని తేలినందుకు ప్రవాహ విభాగం అధికారి దేశాయి గారికి అప్పటికే శాలువా కప్పారు.)

కొమురవ్వకు ఒళ్లు మండింది. సంగీత ఆమె మొహం చూసింది.

"నేను చాయ్‌కు పోతున్న. ఎనుక ఎవరేం జేస్తరో నాకేం ఎర్క?" అని బయటికి నడిచింది.

కొమురవ్వ మళ్లీ కుళాయి నీళ్లు పట్టుకొచ్చి సీసా మొత్తం మిషన్ నోట్లో కుమ్మరించింది. మిషన్ కీచుమని అరిచి, ఎర్రదీపం వెలిగించి, ఆగిపోయింది.

వెంటనే విచారణ జరిగింది. ఆ గల్లీ నీళ్లు ప్రమాదకరమని, తక్షణం ట్యాంకర్ పంపాలని దేశాయి గారు ఆదేశించారు. కొమురవ్వ ఆ మాట ఇంటింటికీ తిరిగి చెప్పింది. తెల్లారేసరికి బిందెలు బారులు తీరాయి. ట్యాంకర్ వచ్చింది, బిందెలను దాటుకొని నేరుగా వెళ్లి కేంద్రం ముందు ఆగింది. మిషన్ కడగడానికట.

కొమురవ్వ బిందెతో సహా లోపలికి దూసుకుపోయి, తెలుగు రాని దేశాయి గారి ముందు తనకొచ్చిన హిందీలో గొంతు చించుకుంది.

"సాబ్, నీ మిషన్ పాడుగాను! నా మనుమరాలు ఇరేచనాలతోని సచ్చేటట్టున్నది!"

దేశాయి గారు కుర్చీ చూపించి, ఓపికగా విన్నారు. కాలువ మూసుకుపోయినట్టు రుజువైతేనే ఈ పద్దు కింద నీళ్లు మంజూరవుతాయని వివరించారు.

"మీ మనుమరాలికి మూసుకుపోలేదు కదమ్మా," అన్నారు. "ప్రవాహం సాఫీగానే ఉంది."