ఉప్పుమడి కోసం మూడువందల పన్నెండుమంది

ఆ శనివారం పొద్దున లై జిన్‌షుయ్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. జియాయిలో తొమ్మిది గంటల రైలెక్కి తైనాన్‌లో దిగాలి. ఒక చిరునామా వెతుక్కుని తలుపు తట్టాలి. మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్న అడిగి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. ఆ ప్రశ్న తడబడకుండా ఉండాలని కాగితం మీద రాసుకుని జేబులో కూడా పెట్టుకున్నాడు: "'ఉప్పుమడి' ఎప్పుడొస్తుందండీ?"

'ఉప్పుమడి' ఒక వీడియో గేమ్. నాలుగేళ్ళ కిందట తూ యున్‌శీ అనే అమ్మాయి ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన పెట్టింది. సముద్రపొడ్డున ఎప్పుడో మూతపడిన ఉప్పుమడుల ఊరిని ఆటగా తయారుచేస్తాను, తలా ఇంత చందా వేసి నన్ను నిలబెట్టండి, రెండేళ్ళలో ఆట మీ చేతిలో పెడతాను అంది. మూడువందల పన్నెండుమంది చందా వేశారు. వాళ్ళలో జిన్‌షుయ్ ఒకడు. ఆయనకు యాభై మూడేళ్ళు, జనాభా నమోదు కార్యాలయంలో గుమాస్తా, పుట్టి బుద్ధెరిగి వీడియో గేమ్ ఆడిన మనిషి కాడు. కాని ఆయన పుట్టింది అలాంటి ఊళ్ళోనే. ప్రకటనలో తెల్లటి ఉప్పు కుప్పల బొమ్మ చూడగానే మనసాగక అన్నిటికంటే పెద్ద చందా కట్టేశాడు. అంత కట్టినవాళ్ళ పేరుతో, పోలికతో ఆటలో ఒక మనిషిని పెడతారట.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ సంగతి ఆఫీసులో చెప్పుకున్నాడు. మొదటి ఏడాది అందరూ గౌరవంగా చూశారు. రెండో ఏడాది ఎప్పుడని అడిగారు. మూడో ఏడాది నుంచి పక్క సీటు ష్యే ప్రతి సోమవారం టీ కలుపుకుంటూ, "ఏం హీరోగారూ, విడుదలెప్పుడు?" అనడం ఆఫీసు పనివేళల్లో భాగమైపోయింది. మొన్న పై అధికారి పదవీ విరమణ సభలో కూడా, లై గారి ఆట చూడకుండానే వెళ్ళిపోతున్నానన్నదొక్కటే తన బాధ అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

యున్‌శీ మొదట్లో నెలకొక నివేదిక పంపేది. తరవాత మూణ్ణెల్లకొకటి. ఆఖరిది వచ్చి పదకొండు నెలలయింది. ఉత్తరాలు రాస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

రౌడీలా కనిపించకూడదని జిన్‌షుయ్ కోటు వేసుకున్నాడు. ఒట్టి చేతులతో వెళ్ళడం పద్ధతి కాదని స్టేషన్ దగ్గర అనాసపండు కేకుల పెట్టె ఒకటి కొన్నాడు. రైల్లో కూర్చున్నాక, చందాదారులంతా ఉండే ఫోను గ్రూపులో ఒక్క వాక్యం రాశాడు. ఇవాళ తైనాన్ వెళ్తున్నాను, వీలైతే ఆ అమ్మాయిని కలిసి వస్తాను, అని. ఎక్కడన్న ప్రశ్న రాకముందే చిరునామా కూడా పెట్టి, ఫోను జేబులో వేసుకుని కునుకు తీశాడు.

ఆయన కునికినంత సేపట్లో ఆ వాక్యం చాలా దూరం వెళ్ళింది. ఎవరో, నేనూ దగ్గర్లోనే ఉన్నాను, రానా అన్నారు. ఇంకెవరో, అందరం కలిసే వెళ్దాం అన్నారు. గ్రూపులో 'నడిసముద్రం సొరచేప' అనే పేరుతో రోజూ నిప్పులు కక్కే సభ్యుడొకడున్నాడు. ప్రతినిధి వర్గం పదకొండు గంటలకల్లా అక్కడుంటుంది, నాయకుడు లై గారు, ఇవాళ అటో ఇటో తేలాల్సిందే అని అతను ప్రకటించాడు. నాయకుడు గారు నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నాడు.

చిరునామా చేపల మార్కెట్టు వెనక సందులో ఉంది. ఆటల కంపెనీ బోర్డేదీ లేదు. చేపగంజి అమ్మే చిన్న దుకాణం ఉంది, అందులో గరిటె పట్టుకుని డెబ్భై ఐదేళ్ళ తూ మామ్మ ఉంది. జిన్‌షుయ్ వంగి నమస్కరించి, కేకుల పెట్టె రెండు చేతులతో అందించి, యున్‌శీ గారి ఇల్లు ఇదేనా, అమ్మాయి విషయం మాట్లాడి పోదామని వచ్చానన్నాడు.

మామ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. కోటు, తీపి పెట్టె, నెరిసిన జుట్టు, అమ్మాయి విషయం. ముప్పై ఒకటి నిండినా మేడ మీద గదిలో కంప్యూటరు ముందు నుంచి లేవని మనవరాలికి ఒక సంబంధం చూడమని, మార్కెట్లో రొయ్యలమ్మే స్నేహితురాలి వెంట ఆవిడ నెల రోజులుగా పడుతోంది. అబ్బాయి తండ్రి వచ్చి చూసి వెళ్తాడని మొన్ననే కబురు వచ్చింది.

"మీరొస్తారని తెలుసు బాబూ. ఈ శనివారం కాకపోతే వచ్చే శనివారం అనుకున్నాను" అంటూ కుర్చీ తుడిచి వేసింది.

జిన్‌షుయ్ మనసు కుదుటపడింది. వీళ్ళకి బాధ్యత తెలుసన్నమాట. "నాలుగేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నామండీ" అన్నాడు.

"నాలుగేళ్ళా! మరి ముందే చెప్పలేకపోయారా?"

"ఉత్తరాలు రాశాం. జవాబు లేదు. రెండేళ్ళలో తప్పకుండా అని అమ్మాయే మాటిచ్చింది మరి."

మామ్మ గరిటె కింద పెట్టింది. మనవరాలు ఎవరికైనా మాటిచ్చిందన్న సంగతి ఆవిడకి కొత్త. కోపం తెచ్చుకోవాలో సంతోషించాలో తెలియక, ముందు ఒక పెద్ద గిన్నెడు గంజి ఆయన ముందు పెట్టింది. అంత ఓపిక పట్టారంటే పెద్దమనుషుల కుటుంబమే అయివుండాలి.

"మీరు మొత్తం ఎంతమంది?"

"మూడువందల పన్నెండు."

"అంతమందీ కలిసే ఉంటారా?"

"లేదండీ. ఎవరూళ్ళో వాళ్ళం. ఫోన్లోనే కలుస్తుంటాం."

ఈ కాలంలో అది మేలే అనుకుంది మామ్మ. ఇంతకీ ఎవరికోసం అడుగుతున్నారని అసలు ప్రశ్న వేసింది.

"నాకేనండీ. నాకూ, మిగతావాళ్ళకీ" అన్నాడు జిన్‌షుయ్, గంజి ఊదుకుంటూ.

మామ్మ దాన్ని పెద్దమనిషి చతురుగా తీసుకుంది. తీసుకోకపోయుంటే కింద పెట్టిన గరిటె మళ్ళీ చేతికొచ్చేది.

అమ్మాయి మేడమీదే ఉందనీ కిందికి పిలుస్తాననీ ఆవిడ అంటుండగానే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఇద్దరు నర్సింగు విద్యార్థినులు బిస్కెట్ల డబ్బాతో వచ్చి జిన్‌షుయ్‌కి నమస్కారం పెట్టి, నాయకుడుగారు మీరేనా అని అడిగారు. వాళ్ళ వెనక టీ పొట్లాలతో ఒక బస్సు డ్రైవరు, ఆ వెనక ఒక కుటుంబం. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. దెబ్బలాటకి వెళ్ళినా ఒట్టి చేతులతో వెళ్ళకూడదని ఎవరికి వారే అనుకున్నట్టున్నారు. అందరికంటే ఆఖరున జామపళ్ళ సంచితో ఐదడుగులైనా లేని మనిషొకడు గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులు ఇక్కడ విడవొచ్చా అని మెల్లిగా అడిగాడు. అతను కాశ్యుంగ్‌లో దంతాల డాక్టరు, పేరు కాంగ్. నడిసముద్రం సొరచేప అతనే.

జిన్‌షుయ్‌తో కలిపి మొత్తం పదకొండుమంది తేలారు. మామ్మ 'ఇవాళ సెలవు' అన్న పలక గుమ్మానికి తగిలించింది. మగపెళ్ళివారు బలగంతో దిగారన్న సంతోషంలో చేప తలకాయలు కూడా వడ్డించింది. డబ్బివ్వబోతే, మన మధ్య డబ్బేమిటి అని కసిరింది. జిన్‌షుయ్ ఎవరూ గొంతు పెంచవద్దని సైగలు చేశాడు గాని, నోటినిండా గంజి ఉన్నవాళ్ళు గొంతెలా పెంచుతారు? వాళ్ళు చూస్తే దోషులు నిజంగా మంచివాళ్ళనీ, మామ్మ చూస్తే వరుడి తరఫువాళ్ళు బొత్తిగా మొహమాటస్తులనీ అనుకుంటూ ఒక అరగంట హాయిగా గడిచిపోయింది.

అప్పుడు మామ్మ పైకి వెళ్ళి, నీ కోసం పదకొండుమంది వచ్చి కూర్చున్నారు, మంచి బట్టలు కట్టుకుని టీ పట్టుకురా అని మనవరాలికి చెప్పింది. యున్‌శీ మెట్ల మీంచి తొంగి చూసింది. కింద నలుగురి నెత్తిన ఉప్పు కుప్ప కుట్టిన తెల్ల టోపీలు కనిపించాయి. చందాకు ప్రతిగా ఇప్పటిదాకా పంపగలిగింది ఆ టోపీలొక్కటే కనక, చూసీ చూడగానే ఆమె వాళ్ళెవరో పోల్చుకుంది. మామ్మకి అంతా తెలిసిపోయింది, అందరికీ స్వయంగా టీ ఇచ్చి క్షమాపణ చెప్పమంటోంది అనుకుంది.

పళ్ళెం పట్టుకుని దిగి వరసగా అందరికీ టీ ఇచ్చింది. పెళ్ళిచూపుల్లో టీ తాగినవాళ్ళు ఖాళీ కప్పుతో పాటు డబ్బు పెట్టిన ఎర్ర కవరు ఇవ్వడం ఆచారం. మామ్మ ఓరకంట చూస్తూనే ఉంది. ఒక్కడూ జేబులో చెయ్యి పెట్టలేదు. వాళ్ళ లెక్కలో వాళ్ళు నాలుగేళ్ళ కిందటే ఇచ్చేశారు.

యున్‌శీ పళ్ళెం బల్లమీద పెట్టి, నడుము వంచి అలాగే ఉండిపోయింది. "తప్పంతా నాది. మీకు ముఖం చూపించలేక దాక్కున్నాను. ఒక్కొక్కరి పేరూ నాకు గుర్తుంది" అంది.

మామ్మ మనవరాలి ముఖంలోకీ పదకొండుమంది ముఖాల్లోకీ మార్చి మార్చి చూసింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. రొయ్యల స్నేహితురాలు. అసలు అబ్బాయి తండ్రి పావుగంట కిందట గుమ్మం దాకా వచ్చాడట. లోపల అప్పటికే పదకొండుమంది కానుకలతో బారులు తీరి కూర్చోవడం చూసి, ఇంత పోటీ మా అబ్బాయి తట్టుకోలేడని బస్సెక్కి వెళ్ళిపోయాడట. మామ్మ ఫోను పెట్టేసింది.

"అయితే మీరంతా ఎవరు?"

జిన్‌షుయ్ లేచి నిలబడి మొదటినుంచీ చెప్పాడు. ప్రకటన, చందా, నివేదికలు, ఆఫీసులో ష్యే, ఏదీ దాచలేదు. మామ్మ చివరిదాకా విని మనవరాలి వైపు తిరిగి, ఇంతమందికి మాటిచ్చి పైన కూర్చుని ఏం చేస్తున్నావని అడిగింది.

ఆట పూర్తయి ఐదు నెలలయిందని యున్‌శీ చెప్పింది. రోజూ పొద్దున్నే విడుదల చేద్దామని కూర్చుంటుందట. నాలుగేళ్ళు ఆగింది దీనికోసమా అని మూడువందల పన్నెండుమందీ అన్నట్టు వినిపించి చెయ్యి వెనక్కి తీసుకుంటుందట. ఇప్పుడు ముఖాలు చూశాను కదా, ఇంక భయం లేదు, సోమవారం విడుదల చేసేస్తానంది. ఆ మాట విని సొరచేప టోపీ తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

అందరూ మేడెక్కారు. తెర మీద సముద్రం, మడులు, తెల్లటి కుప్పలు. మధ్య మడిలో, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పొడుగు కర్రపారతో ఉప్పు లాగుతున్నాడు ఒక నడివయసు మనిషి. నెత్తిన పేరు కూడా ఉంది, లై జిన్‌షుయ్ అని.

జిన్‌షుయ్ తన్ను తాను చూసుకున్నాడు. కొంచెం ముందుకు వంగి మళ్ళీ చూశాడు.

"ఎలా ఉంది బాబాయిగారూ? మీరు ఆ ఊళ్ళ వాళ్ళే కదా" అంది యున్‌శీ.

ఆయనకు సోమవారం గుర్తొచ్చింది. ష్యే చేతిలో టీ కప్పూ, దాని ముందు తను ఫోను తీసి ఈ బొమ్మ చూపించడమూ కళ్ళకు కట్టాయి. "బాగుందమ్మా" అన్నాడు.

"నలభై ఏళ్ళుగా గంజి అమ్ముతున్నాను. బాగుందని ఇలా అన్నవాళ్ళు రెండోసారి రారు. ఏం తక్కువైందో చెప్పండి బాబూ" అంది మామ్మ వెనకనుంచి.

జిన్‌షుయ్ తెర మీద తన కాళ్ళ కిందికి వేలు చూపించాడు. "మా మడి అడుగు మట్టి కాదమ్మా" అన్నాడు. "పెంకులు పరిచేవాళ్ళం. పగిలిన జాడీలు, కుండలు, ఏ ముక్కకా ముక్క చూసి అమర్చాలి. అప్పుడే ఉప్పుకి మట్టి అంటదు. మా ఇంట్లో కుండ పగిలితే మా నాన్న తిట్టేవాడు కాదు. ఏరుకుని జేబులో వేసుకునేవాడు. పార లాగితే పెంకుల మీద గరగరమని చప్పుడొచ్చేది. ఆ చప్పుడు వింటే నాన్న ఏ మడిలో ఉన్నాడో ఇంట్లోంచే చెప్పేవాళ్ళం. ఇక్కడ నేను లాగుతున్నాను గాని, చప్పుడు లేదు."

యున్‌శీ కాగితం తీసుకుంది.

ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఎండ నడినెత్తిన ఉండగా ఉప్పు లాగరన్నాడు, పొద్దు వాలాకనే అన్నాడు. కావళ్ళు మోసేది ఎక్కువగా ఆడవాళ్ళేననీ, వాళ్ళమ్మ కుడి భుజం చివరిదాకా ఎడమ భుజంకంటే కిందికే ఉండేదనీ చెప్పాడు. వాన మబ్బు కమ్మితే ఊరు ఊరంతా ఎలా పరిగెత్తేదో చేతులతో చూపించాడు. ఒక్కో మాటకీ యున్‌శీ ముఖం విప్పారుతోంది, వెనక పదిమంది ముఖాలు వాడిపోతున్నాయి. కాంగ్ ఆయన కోటు అంచు పట్టుకుని, "నాయకుడుగారూ, ఇంక చాల్లెండి" అని బతిమాలాడు. కాని ముప్పై ఏళ్ళుగా ఈ సంగతులు ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. కట్టుకున్న భార్య కూడా అడగలేదు. టీలన్నీ చల్లారిపోయాక గాని ఆయన ఆగలేదు.

యున్‌శీ ఆరు కాగితాలు నింపింది. వాటిని సర్దుకుంటూ, ఏడాదిగా ఎవరూ చూడని సంతోషంతో, "మొత్తం మళ్ళీ చెయ్యాలి" అంది.

ఎంత కాలం పడుతుందని మామ్మే అడిగింది. ఏడాదిన్నర, అందామె. పదిమంది చందాదారులూ ఆమె వైపు చూడలేదు. జిన్‌షుయ్ వైపు చూశారు.

సోమవారం ష్యే టీ కలుపుకుంటూ అడిగితే, జిన్‌షుయ్ ఆలస్యం నావల్లేనని నిజం చెప్పాడు. ష్యే టీలో చక్కెర రెండుసార్లు వేసుకున్నాడు. సొరచేప ఇప్పటికీ గ్రూపులో రోజూ నిప్పులు కక్కుతున్నాడు, కాకపోతే లై అనే ఒక మనిషి మీద. జిన్‌షుయ్ మాత్రం ప్రతి శనివారం తైనాన్ వెళ్ళి, మామ్మ పెట్టిన గంజి తాగి, మేడ మీద యున్‌శీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాడు. ఏ రెండు పెంకులూ ఒకేలా ఉండకూడదని ఆయన పట్టు. నెలనెలా చందాదారులకు నివేదిక రాసే పని కూడా ఆయన మీదే పడింది.

కిందటి నెల నివేదిక ప్రకారం నాలుగువందల పదహారు పెంకులు గీయడం పూర్తయింది. ఒక్కో మడికి ఆరువేలు పడతాయి, మడులు ఇరవై రెండు.