సాగిన టేపు

ఆ ఉదయం టైలరు పెట్టుకున్న పని ఒక్కటే. దుకాణం తలుపు తీసేలోగా భార్యను నవ్వించాలి.

ఆవిడ అలక మొగుడి మీద కాదు, నీలం గౌను మీద. అక్క కూతురి పెళ్ళిలో నాలుగు రోజులపాటు వీధి వీధంతా విందులు తిన్నది. తినేవాళ్ళు వద్దంటూనే పళ్ళెం ముందుకు జరిపారు, వడ్డించేవాళ్ళు ఆ పళ్ళేన్నే నమ్మారు. ఇంటికొచ్చి ఆవిడ గౌను తొడుక్కోబోతే వెనక హుక్కులు ఒకదాన్నొకటి చూసుకున్నాయే గాని కలుసుకోలేదు. ఇరవయ్యో పెళ్ళిరోజుకు టైలరు తన చేత్తో కుట్టిన గౌను అది. ఆవిడ దాన్ని బీరువా అడుగున పెట్టేసి, పెళ్ళి ఫొటోల్లో తనున్నవన్నీ ఏరి బోర్లించింది. అద్దం ముందు నిలబడడం మానేసింది. ఇల్లంతా కలకల్లాడించే మనిషి ముడుచుకుపోతే టైలరుకు మిషను తొక్కబుద్ధి కాలేదు.

వీధి చివరి నర్సు ఆవిడకు ఒక పద్ధతి చెప్పింది. పస్తులుండకూడదు. పళ్ళెంలో సగం కూరలు పెట్టుకోవాలి, నిదానంగా నమలాలి, రోజూ ముప్పావుగంట నడవాలి. నెలకు అంగుళం తగ్గితే అదే గొప్ప. ఆవిడ వారం రోజులు పొల్లుపోకుండా పాటించింది. గిన్నెలో మిగిలింది పారేయడం ఇష్టంలేక టైలరు తినేవాడు. భార్య ముందు ఊరించేలా గిన్నె ఉండకూడదని అలా తినడం త్యాగమనే అనుకున్నాడు.

"ఏవండీ, టేపు తెండి. వారమైంది, చూద్దాం," అంది ఆవిడ ఆ ఉదయం.

టైలరు మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ పెళ్ళి విందులు కాగానే కొలిస్తే ఆవిడ నడుము ముప్ఫై ఎనిమిది అంగుళాలు. వారానికి టేపులో ఏం తేడా కనిపిస్తుంది? ఆవిడ అంతటితో నడకా మానేస్తుంది, నవ్వడమూ మానేస్తుంది. ఆయన చెయ్యి తనంతట తనే సొరుగులోకి పోయింది. అందులో ఆయన పని నేర్చుకున్న నాటి గుడ్డ టేపు ఉంది. ఏళ్ళ తరబడి మెడలో వేలాడి సాగిపోయింది. అందులో ముప్ఫై ఎనిమిది కాస్తా ముప్ఫై ఆరున్నరే. పారేయడానికి మనసొప్పక దాచుకున్నాడు.

"ముప్ఫై ఆరున్నర!" అన్నాడు చుట్టూ తిప్పి చదివి.

"నిజంగా? ఏదీ?" ఆవిడ అంకె మీద వేలుపెట్టి చూసుకుంది. ముఖం చేటంతైంది. పదిరోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. "ఈ టేపు చేతివాసి మంచిదండీ. ఇక ఇది నాది."

తీసుకోనీ, పడగ్గదిలో ఉంటుంది, ఎవరికి నష్టం అనుకున్నాడు టైలరు.

కానీ దుకాణం పద్ధతి ఒకటుంది. ముందుగదిలో ఆవిడ కొలతలు తీసి పుస్తకంలో రాస్తుంది. వెనకగదిలో ఆయన ఆ పుస్తకం చూసి, చెక్క స్కేలుతో గుడ్డ మీద గీసి కత్తిరిస్తాడు. చెక్క సాగదు. ఆవిడ దుకాణం టేపును మేకుకు తగిలించేసి, చేతివాసి టేపును మెడలో వేసుకుంది. రెండూ పసుపురంగువే. ఆయన గమనించలేదు.

రెండు వారాలు గడిచాయి. మొదట బస్సు కండక్టరు కొత్త ప్యాంటు వేసుకు చూసి, ఊపిరి బిగబట్టి, "మీ కుట్టుకు వంకపెట్టలేం లెండి. పెళ్ళి భోజనాలు మరీ ఎక్కువైపోయాయి," అంటూ సిగ్గుపడి వెళ్ళిపోయాడు. తర్వాత నర్సు చొక్కా చంకల్లో పట్టేసింది. ఊళ్ళో అందరికీ పద్ధతులు చెప్పే మనిషి కాబట్టి ఆమె అసలు నోరే విప్పలేదు. ఆపైన ఒకరి తర్వాత ఒకరు అద్దంలో తమను తాము తిట్టుకుని, టైలరుకు దణ్ణం పెట్టి పోయారు. ఇంత మర్యాదస్తులు ఉండే వీధిలో దుకాణం పెట్టినందుకు టైలరు పొంగిపోయాడు.

నెల తిరిగేసరికి బావమరిది వచ్చాడు. పక్కనే బేకరీ అతనిది. చేతిలో బన్నుల ట్రే, నడుముకు కొత్త ప్యాంటు, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"బావా, నా కొంప మునిగింది! వీధిలో ఒక్కడూ బన్ను కొనడంలేదు. అడిగితే అందరూ పొట్ట పట్టుకుని చూపిస్తున్నారు."

"మంచిదేగా. అందరికీ బుద్ధొచ్చింది."

"నాకూ వచ్చింది. ఈ ప్యాంటు తొడుక్కున్న రోజునుంచి నేనూ రాత్రిపూట తినడం లేదు. నా బన్నులు నేనే తినకపోతే ఇంకెవరు తింటారు, బావా?"

అంతలో హెడ్మాస్టరుగారు గోడ పట్టుకుని లోపలికి వచ్చారు. ముప్ఫైరెండేళ్ళ ఉద్యోగం ముగించి శుక్రవారం ఆయన రిటైరవుతున్నారు. బడి సభకోసం కుట్టించుకున్న కోటు మొదటిసారి తొడిగి చూసినప్పుడు బొత్తాలు అందలేదు. ఆయన ఎవరికీ చెప్పకుండా మూడు రోజులుగా నీళ్ళూ నిమ్మరసంతో గడుపుతున్నారు.

"మళ్ళీ ఒకసారి చూద్దాం టైలరుగారూ. తగ్గే ఉంటాను," అంటూ కోటు తొడిగి చేతులు చాపారు. ఆ చాపడంలోనే కళ్ళు తేలేసి కూలబడబోయారు. బావమరిది పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

ఆవిడ పరుగున వచ్చి బన్ను తుంచి ఆయన నోటికి అందించింది. "పస్తులుంటే తగ్గుతారా మాస్టారూ? ప్రాణం మీదకి వస్తుంది గాని! నన్ను చూడండి. కడుపునిండా తింటూనే నెల్లాళ్ళలో మూడంగుళాలు తగ్గాను!"

టైలరు ఆ మాట వినలేదు. ఆయన హెడ్మాస్టరుగారి మణికట్టునే చూస్తున్నాడు. కోటు చెయ్యి అంగుళం పొట్టిగా ఉంది. తిండి తింటే నడుము పెరుగుతుంది, మెడ పెరుగుతుంది. చేతులు పొడుగవడం ఎక్కడైనా ఉందా? చూపు మెల్లగా భార్య మెడమీదికి మళ్ళింది. పసుపు టేపు. చివర్లు నలిగిన పసుపు టేపు. తను సొరుగులోంచి తీసిన పాతదే.

"తప్పు నాదేనండీ. కత్తిరింపులో పొరపాటు జరిగింది," అన్నాడు గబగబా.

"మీరా?" అంది ఆవిడ. "ఇన్నేళ్ళలో దారం మందం తప్పలేదు మీ కత్తెర. కొలతలు రాసింది నేను." పుస్తకం తీసి చూసుకుంది. పేజీలు తిప్పినకొద్దీ ఆవిడ గొంతు సన్నబడింది. "నేనే తప్పు రాసి ఉంటాను. తగ్గుతున్నానన్న సంబరంలో ఏదీ సరిగ్గా చూసినట్టు లేను. ఇకనుంచి కొలతలు మీరే తీసుకోండి."

అలా అంటూ టేపు మెడలోంచి తీసేసింది. నెల కిందటి ముఖమే మళ్ళీ వచ్చేసింది. అది చూశాక టైలరు ఇక ఆగలేకపోయాడు.

"నువ్వు సరిగ్గానే రాశావు. సాగింది టేపు. నువ్వు దిగులుపడుతుంటే చూడలేక ఆ రోజు నేనే కావాలని పాతది తీశాను."

హెడ్మాస్టరుగారు బన్ను నమలడం ఆపేశారు.

"అంటే... నేను తగ్గలేదా?"

బావమరిది ట్రేలో బన్నులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. మేకుకు వేలాడుతున్న దుకాణం టేపు తెచ్చి మొగుడి చేతికిచ్చింది. "కొలవండి. ఈసారి నిజం చెప్పండి."

టైలరు టేపు ఆవిడ నడుము చుట్టూ తిప్పాడు. ఆయన చదివాడు. నమ్మకం కుదరక మళ్ళీ చదివాడు.

"ముప్ఫై ఆరున్నర."

"మళ్ళీ మొదలెట్టారా?"

"ఒట్టు! కావాలంటే మీ తమ్ముణ్ణి చూడమను."

తమ్ముడు వంగి చూశాడు. "నిజమే అక్కా. ముప్ఫై ఆరున్నరే!"

ఆ నెల రోజుల నడకా, సగం పళ్ళెం కూరలూ ఊరికే పోలేదు. ఆవిడ ఆ అంకె మీద తనూ వేలుపెట్టి చూసుకుంది. తర్వాత మొగుడి చొక్కా మీది దారప్పోగు తీసేస్తూ, "అయితే మీరాడింది అబద్ధం కాదు లెండి. కాస్త ముందుగా చెప్పారంతే," అంది. టైలరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దారప్పోగు కంట్లో పడిందని చెప్పి వెనకగదిలోకి పోయాడు.

రెండు రోజులు ఇద్దరూ కూర్చుని బిగుతైన బట్టలన్నీ కుట్లు విప్పారు. మంచి టైలరు కుట్టులోపల కాస్త గుడ్డ వదిలిపెడతాడు కాబట్టి వీధి పరువు దక్కింది. ఇంటింటికీ వెళ్ళి విషయం చెప్పి బట్టలు ఇచ్చి వచ్చారు. తాము లావెక్కలేదని తెలిసిన ఆనందంలో జనం సాయంత్రానికల్లా బేకరీ ఖాళీ చేశారు. హెడ్మాస్టరుగారి కోటు మూడు రోజుల పస్తువల్ల మొదట వదులైంది. నాలుగు బన్నులు తిన్నాక సరిగ్గా అమరింది.

శుక్రవారం సాయంత్రం సభకు బయల్దేరుతూ ఆవిడ నీలం గౌను తొడుక్కుని, హుక్కులు పెట్టమని మొగుడి వైపు వీపు తిప్పింది. అన్నీ కలుసుకున్నాయి. టైలరు ఆఖరి హుక్కు పెట్టాక కూడా చెయ్యి తియ్యలేదు.

"చాల్లెండి, మీరూ తయారవండి," అంది నవ్వుతూ.

నెల రోజులుగా నాడా ప్యాంటుతో మిషను ముందు కూర్చున్న మనిషి, అయిదేళ్ళనాటి తన కోటు తీసి తొడుక్కున్నాడు. బొత్తాం అందలేదు. పొట్ట లోపలికి పీల్చి, ఎలాగో కాజాలోకి దూర్చాడు.

"ఇదీ ఆ టేపు పనేనంటావా?" అన్నాడు ఊపిరి బిగబట్టి.

"అయిదేళ్ళకిందట కుట్టింది కదండీ. గిన్నెల్లో మిగిలినవాటి పని అయ్యుంటుంది."

టైలరు ముఖం వాడిపోయింది. ఆవిడ చూసింది. సొరుగు తెరిచి, సాగిన టేపు తీసి, ఆయన నడుము చుట్టూ ప్రేమగా తిప్పింది.

"ముప్ఫై ఎనిమిదిన్నర. అంతేనండీ. రేపట్నుంచి నాతోపాటు నడకకి వచ్చెయ్యండి, చాలు."

ఆ అంకె తప్పని వీధిలో అందరికంటే బాగా తెలిసిన టైలరు, దాన్ని మనస్ఫూర్తిగా నమ్మి హాయిగా ఊపిరి వదిలాడు. కోటు బొత్తాం మాత్రం నమ్మలేదు.