మే అనే మాటకు మూడర్థాలు

ఒక పెద్ద అడవిలోకి పోలి అనే మేక దారితప్పి వచ్చింది. లేత తుమ్మకాయలు ఏరుకు తింటూ, మంద ఎటు పోయిందో చూసుకోకుండా నడిచి, సరాసరి మృగరాజు కొలువులో తేలింది.

సింహం అప్పుడే నిద్ర లేచి ఆవలిస్తోంది. ఆ కోరలు చూసేసరికి పోలికి కాళ్లు నాలుగూ నాలుగు వైపులకు పోయాయి. బతిమాలుకుందామనుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒకటే మాట.

“మే.”

కొమ్మ మీద చిలుక ఉలిక్కిపడింది. అది పట్నంలో ఒక కాన్వెంటు కిటికీ పక్కన, జామచెట్టు మీద కొన్నాళ్లు కాపురం ఉండి వచ్చింది.

“ప్రభూ, ఇది ఇంగ్లీషు మాట్లాడుతోంది. లోపలికి రావాలన్నా, మంచినీళ్లకు వెళ్లాలన్నా కాన్వెంటు పిల్లలు ముందు ఈ మాటే అంటారు. అనుమతి అడగడమన్నమాట.”

సింహానికి ఇంగ్లీషు రాదు. రాదని కొలువులో తెలిస్తే పరువు దక్కదు. “ఆ మాత్రం తెలుసులే,” అంది జూలు సర్దుకుంటూ.

దివాన్ నక్క సింహం చెవిలో నోరు పెట్టింది. “ఇంగ్లీషు వచ్చినదాన్ని తిన్నారంటే పక్క అడవుల్లో నామర్దా. కొలువులో పెట్టుకుంటే గొప్ప.”

ఆ సాయంత్రమే చాటింపు వేశారు. ఇకమీదట ఎవరు ఏం చేయాలన్నా ముందు ‘మే’ అని అడగాలి. పోలి తిరిగి ‘మే’ అంటేనే చేయాలి. పోలి మాటకు అర్థం చెప్పడానికి పక్కనే నక్క ఉంటుంది.

పోలిని ఒక బండ మీద కూర్చోబెట్టి ముందు లేత గడ్డి వేశారు. ‘ఇవాళ మేపి రేపు తింటారు కాబోలు’ అనుకుంది పోలి. అలాగని గడ్డి మాత్రం వదల్లేదు.

మర్నాడు అందరికంటే ముందు ఎలుగుబంటి వచ్చింది, తేనెపట్టు దించుకోవడానికి. వంగి దండం పెట్టి, “బే,” అంది.

“అది అడగడం కాదు, తిట్టడం,” అంది నక్క. “పోయి నేర్చుకుని రా.”

ఎలుగు పొద్దంతా వాగొడ్డున సాధన చేసి వచ్చి, “మే,” అంది. పోలికి సొంత మందలోవాళ్లు ఎవరో పిలిచినట్టయింది. ప్రాణం లేచొచ్చి, “మే,” అంది.

“అంటే దించుకోవచ్చా?” అని అడిగింది ఎలుగు.

నక్క చిలుక వైపు చూసింది. చిలుక కాలితో తల గోక్కుంది. “ఆ మాటకు మూడర్థాలు. చేసుకోవచ్చు అని ఒకటి. జరిగితే జరగొచ్చు, లేకపోతే లేదు అని ఇంకోటి. మూడోది, ఎండాకాలంలో ఒక నెల పేరు.”

నక్క కళ్లు మెరిశాయి. “విన్నావుగా ఎలుగూ. ఎవరికి ఏ అర్థమో చూసి చెప్పడమే నా పని.”

పట్టులో సగం నక్కకిస్తానని ఒప్పుకున్నాక ఎలుగుకు మొదటి అర్థం దొరికింది. నాలుగు దుంపలు తెచ్చిన కుందేలుకు రెండో అర్థం దొరికింది. ఉత్త చేతులతో వచ్చిన కోతిని, “మే నెలలో కనపడు,” అని పంపేశారు. అప్పుడు నడుస్తున్నది జూన్.

పోలిని అందరూ ‘మేడం’ అనసాగారు. పోలి ఒళ్లు చేసింది. భయం పోయి, మెడ పైకెత్తి కూర్చోవడం అలవాటైంది. ఎవరైనా ‘మే’ అనకుండా మాట్లాడితే తల పక్కకు తిప్పేసేది.

అడవి అడవంతా సాధనలో పడింది. చెట్ల మీద నెమళ్లు, పొదల్లో పందులు, మడుగులో ఏనుగులు, తెల్లవారితే చాలు, ఒకటే మే, మే.

కొండ అవతల రేచుకుక్కల గుంపు ఆ గోల విన్నది. “మేకల తిరనాళ్లలా ఉందే,” అంది పెద్దకుక్క. నాలుకలు వేలాడేసుకుని అన్నీ బయల్దేరాయి.

చిటారుకొమ్మ నుంచి కోతి వాటిని చూసింది. అరిచి అందరికీ చెప్పాలంటే అనుమతి కావాలి. దిగి పరుగున వచ్చి, “మే. రేచుకుక్కలు వస్తున్నాయి. అరవచ్చా?” అంది.

“ఏం తెచ్చావు?” అంది నక్క.

కోతి పండు కోసం వెళ్లి వచ్చేలోపు రేచుకుక్కలు కొలువులోకే వచ్చేశాయి.

సింహం దర్జాగా ఎదురెళ్లింది. “ఈ అడవికి రాజు ఎవరనుకున్నార్రా? మేమే.”

“ఇదిగో ఒకటి,” అంది పెద్దకుక్క. “బాగా మేపినట్టున్నారు, మేకకు జూలు కూడా వచ్చింది.”

గుంపంతా మీద పడేసరికి సింహం వాగు దాటి వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

నక్క చేతులు జోడించింది. “మే... నేను మేకను కాను బాబూ.” ఏ మాటైనా అలా మొదలెట్టడం దానికి అలవాటైపోయింది. “మే... నా మాట నమ్మండి.”

రెండోసారి చెప్పేసరికి తోక సగం పోయింది. మిగతా సగంతో అదీ వాగులో దూకింది.

తక్కినవన్నీ పొదల్లో దూరాయి. బండ మీద పోలి ఒక్కతే మిగిలింది. అరుద్దామనుకుంది. ప్రాణం గొంతులోకొచ్చి అడ్డం పడింది.

పెద్దకుక్క దాన్ని ఎగాదిగా చూసింది. “కొమ్ములున్నాయి, గడ్డముంది. నువ్వు మేకవేనా?”

కుక్క ముందు ‘మే’ అనలేదు. అలవాటు ప్రకారం పోలి మెడ పైకెత్తి తల పక్కకు తిప్పింది.

పెద్దకుక్క ఒకడుగు వెనక్కి వేసింది. “ఇది మేక కాదురా. జూలున్నదీ అరిచింది, తోకున్నదీ అరిచింది. ఇది మనల్ని లెక్కే చేయట్లేదు. ఎవరో పెద్ద శాల్తీ. పదండి.”

అవి కొండెక్కి పోయాక జంతువులు ఒక్కొక్కటే బయటికొచ్చి బండ చుట్టూ చేరాయి. సింహం జాడ లేదు.

“మేడం, ఇకమీదట మా రాజు మీరే. ఒప్పుకుంటారా?” అంది ఎలుగు.

పోలికి ఇంకా గొంతు పెగల్లేదు.

“ఒప్పుకున్నారు,” అంది చిలుక.

నీతి: అందరూ మేకల్లా అరిచే చోట, నోరు మూసుకున్న మేకే పులి.