పక్క కుర్చీ

ముందే చెబుతున్నాను, నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా దారి తప్పితే మీరే చెయ్యి పట్టుకుని నడిపించండి. నేను నిదానంగా రాశాను కానీ, కథ మాత్రం నాకోసం ఆగలేదు.

ఆ శనివారం పొద్దున ఆర్విల్ స్టౌఫర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తినుబండారాల పొట్లాల్లో ఆటగాడి బొమ్మతో వచ్చే పాత బేస్‌బాల్ కార్డొకటి గుండె జేబులో పెట్టుకుని, లైమా ఊరి ఫైర్ స్టేషన్ హాలుకు బయలుదేరాడు. కార్డులు సేకరించేవాళ్ల సంఘం ఏటా అక్కడ పాన్‌కేకులు, అంటే పాకం పోసుకుని తినే తీపి అట్లు, పెట్టి, ఒక పాత ఆటగాణ్ణి పిలుస్తుంది. ఆయన కొత్తగా ఆటలోకి వచ్చినప్పటి తొలి కార్డు, అంటే రూకీ కార్డు, ఎవరి దగ్గరుంటే వాళ్లకే ఆయన పక్క కుర్చీ. ఈ ఏడు వచ్చేది హార్లన్ టకెట్. కప్పు చేతికందే ఆటలో ఆయన ఆఖరి బంతిని తాబేలు నడకంత మెల్లగా విసిరి ఓడిపోయాడు. ఎందుకలా విసిరాడో అడగాలని ఆర్విల్ చిన్నప్పటి నుంచీ కాచుకుని ఉన్నాడు.

తీరా వెళ్లేసరికి ఆ కుర్చీలో అదే సంఘంలోని లైల్ బెకర్ కూర్చుని ఉన్నాడు.

"లేవరా లైల్. నా కార్డు నీదానికంటే ఏడాది ముందుది."

"నీది సాసేజి పొట్లంలో వచ్చిందిరా! మన జిల్లా దాటి ఎవడూ ఎరగడు. అది కార్డు కాదు, నూనె పీల్చే అట్ట."

"నీది బబుల్‌గమ్‌తో వచ్చింది. అందుకే నువ్వు కుర్చీకి అతుక్కుపోయావు."

సంఘం అధ్యక్షురాలు బెర్నిస్ గంప్ గరిటెతో బల్ల మీద మోదింది. "అతిథి వచ్చేలోపు రూకీ కార్డంటే ఏమిటో తేల్చేద్దాం. దేశమంతా అమ్మిందై ఉండాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి!"

చేతులు లేచాయి. ఆర్విల్ కార్డు చెల్లకుండా పోయింది.

"అయితే కార్డు మీద ఒక్కడే ఉండాలి," అన్నాడు ఆర్విల్ కసిగా. "లైల్ కార్డులో ఇద్దరు కొత్తవాళ్లున్నారు. సగం బొమ్మకు సగం కుర్చీ చాలు!"

మళ్లీ చేతులు లేచాయి. లైల్ కుర్చీలోంచి లేచాడు. తనకు దక్కనిది ఇంకెవరికీ దక్కకూడదని, "బొమ్మలో తలమీద పెద్ద జట్టు టోపీ ఉండాలి," అన్నాడు. దాంతో వెనక బల్లవాళ్ల కార్డులన్నీ పోయాయి. "కొలువులో చేరిన ఏడే అచ్చు వేసిందై ఉండాలి," అని బెర్నిస్ ముగించింది. అప్పటికి పాన్‌కేకులు చల్లారిపోయాయి, హాలులో ఒక్క కార్డూ మిగల్లేదు. అప్పుడామె తాపీగా ఏప్రాన్ జేబులోంచి ఓట్స్ డబ్బాలో వచ్చిన కార్డు తీసింది. దానికి అన్ని రూల్సూ సరిపోయాయి.

"అమ్మ బెర్నిసో!" అన్నాడు లైల్.

ఆర్విల్‌కు తలుపు పక్కన, కాలు ఊగే బల్ల దగ్గర చోటు దొరికింది.

హార్లన్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వెనకే ఆయన్ను కారులో తీసుకొచ్చిన ముసలాయన. బెర్నిస్ కార్డు చూపించింది. హార్లన్ కళ్లజోడు పెట్టుకుని చూసి నవ్వాడు.

"ఇది నేను కాదమ్మా. ఫొటోలవాడు వచ్చినప్పుడు నేను స్నానంలో ఉన్నాను. మా బస్సు డ్రైవరు నెత్తిన నా టోపీ పెట్టి ఫొటో తీసుకుపోయాడు. ఇదిగో, వీడే. ఎడ్డీ మాజ్. ఇప్పటికీ నన్ను వీడే తిప్పుతున్నాడు."

లైల్ గొంతు సవరించుకున్నాడు. "ఎడ్డీ గారూ, మీరు ఆ బస్సు కొలువులో ఎప్పుడు చేరారు?"

"ఆ ఏడేనయ్యా. ఏం?"

బెర్నిస్ వేళ్లు మడిచింది. "దేశమంతా అమ్మారు. ఒక్కడే ఉన్నాడు. టోపీ ఉంది. చేరిన ఏడే వేశారు. రూల్ రూలే! ఇది ఎడ్డీ గారి రూకీ కార్డు. రండి సార్, పెద్ద కుర్చీ మీదే."

"మరి నేనో?" అన్నాడు హార్లన్.

"మీకు రూకీ కార్డే లేదు కదండీ. తలుపు దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది, చూసుకోండి."

హార్లన్ వచ్చి ఆర్విల్ పక్కన కూలబడ్డాడు. ఆర్విల్ పాకం సీసా ఆయన ముందుకు జరిపి, అడిగేశాడు.

"ఆ ఆఖరి బంతి అంత మెల్లగా ఎందుకు విసిరారు సార్?"

"ఇంటికి పోవాలని ఎడ్డీ బయట హారన్ కొట్టాడయ్యా. బస్సు నన్ను వదిలేసి పోతుందని కంగారుపడి, బంతిని సరిగా పట్టుకోకుండానే వదిలేశాను."

ఆర్విల్ తల తిప్పి చూశాడు. పెద్ద బల్ల దగ్గర ఎడ్డీ సంతకాలు పెడుతున్నాడు.

వెర్నా హాక్‌స్టెట్లర్, ఎనభై ఒక్కేళ్లు, ప్రస్తుతం ఉండేది ఫిండ్లే, ఒహాయో.